చిక్కడం వేరు, పల్చబడడం వేరు

మొన్న తెనాలిలో మౌనిక పెట్టుకున్న జిమ్‌కి వెళ్ళాను. మౌనిక ఒకప్పుడు బళ్ళో నా దగ్గర చదివిన పిల్ల. చదివిందంటే లెక్కలూ సైన్సూ కాదు, నేను డ్రిల్లు టీచర్ని. పరుగు పందెం అనగానే కడుపునొప్పి తెచ్చుకుని మెట్ల మీద కూర్చునేది. అలాంటిది ఇప్పుడు ఊళ్ళో పెద్దవాళ్ళందర్నీ పొద్దున్నే పరిగెత్తిస్తోంది. ఆ జిమ్‌లో కొత్తగా ఒక మిషను తెప్పించింది. చెప్పులు విప్పి దాని మీద నిలబడి, రెండు చేతులతో రెండు పిడులు పట్టుకుంటే, ఒంట్లో కొవ్వెంత, కండెంత, నీరెంత అని విడివిడిగా లెక్క కట్టి కాగితం మీద అచ్చుగుద్ది ఇస్తుంది. నాకు షుగరు బయటపడి, బరువు తగ్గమని డాక్టరు చెప్పి ఏడాది కావస్తోంది. ఏడు కిలోలు తగ్గాను. తగ్గినప్పటినుంచీ వీధిలో ఎవరు ఎదురైనా, "ఏంటండి మేడం, అంతగా చిక్కిపోయారు, ఒంట్లో బాగుండట్లేదా?" అనడమే. నవ్వి ఊరుకునేదాన్ని గానీ లోపల భయం పట్టుకుంది. తగ్గింది సరే, ఏది తగ్గింది? అరవై దాటాక కండ కరిగితే మళ్ళీ పట్టడం ఎంత కష్టమో ఇంకొకరు నాకు చెప్పనక్కర్లేదు. ఆ భయంతోనే మిషనెక్కాను.

కాగితం బయటికి వచ్చాక మౌనిక దాన్నీ, ఏడాది కిందట డాక్టరు ఇలాంటి మిషను మీదే తీయించిన కాగితాన్నీ పక్కపక్కన పెట్టి రెండుసార్లు చదివింది. తగ్గిన ఏడు కిలోల్లో కండ వాటా అరకిలో కూడా లేదని, మిగతాదంతా దాదాపు కొవ్వేనని చెప్పింది. మీకు డైట్ ఎవరు రాసిచ్చారండి అని అడిగింది. రేపల్లెలో మా పెద్దమ్మ అన్నాను. ఆవిడ డైటీషియనా అండి అంది. కాదు, గేదెల్ని మేపేది అన్నాను. పిల్ల పకపకా నవ్వింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి నేను నవ్వలేదు. ఇంటికి వచ్చి అటక మీదున్న రేకు పెట్టె దింపించాను. అందులో నా సర్టిఫికెట్లు, రంగు వెలిసిన మెడల్సు, వాటి అడుగున ఒక బిస్కట్ల డబ్బా, ఆ డబ్బాలో రెండు తాళ్ళు. కవ్వం తాడు పురులు విప్పి చేసినవి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఇన్నేళ్ళయినా ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా పులిసిన వెన్న వాసన ఇంకా తగిలింది. వాసన నిజంగానే ఉందో, నా ముక్కే కల్పించుకుందో చెప్పలేను.

మా నాన్న తెనాలిలో రైసు మిల్లులో బస్తాలు మోసే ముఠా మనిషి. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి చొక్కా నిండా తౌడు వాసన. ఆ వాసన రాగానే అమ్మ కుట్టుమిషను ఆపి కంచాలు పెట్టేది. మా ఇంట్లో అన్నం వడ్డించడానికి వెడల్పాటి ఇత్తడి హస్తం ఒకటి, కూర వడ్డించడానికి చిన్న గరిటె ఒకటి ఉండేవి. నాన్న కంచంలో హస్తంతో నాలుగుసార్లు అన్నం పడితే గానీ కంచం కనిపించకుండా పోయేది కాదు. కంచం కనిపిస్తే అది భోజనం కాదని ఆయన లెక్క. కూర ఆ గుట్ట పక్కన బొట్టు పెట్టినట్టుండేది. మా వైపు అంతే. అన్నం తిన్నావా అని అడుగుతాం గానీ కూర తిన్నావా అని ఎవరూ అడగరు. కూర ఉన్నది అన్నాన్ని లోపలికి దింపడానికి. నాన్న ఒంట్లో కండలన్నీ ఆ అన్నంతోనే వచ్చాయని ఆయనా నమ్మాడు, మేమూ నమ్మాం. వంద కిలోల బస్తా వీపు మీద వేసుకుని లారీకి ఆనించిన చెక్క పలక మీద నడిచే మనిషి మాట ఎవరు కాదంటారు?

నేను ఇనుము పట్టింది కూడా ఆ మిల్లు దగ్గరే. మధ్యాహ్నం నాన్నకి క్యారేజీ తీసుకెళ్ళి, ఆయన తింటున్నంతసేపూ ఊరికే ఉండలేక నూకల బస్తాలు అటూ ఇటూ జరుపుతూ ఉండేదాన్ని. రైల్వేలో గేటు దగ్గర పనిచేసే మాస్టారొకాయన నూకల కోసం వచ్చి అది చూశాడు. ఆయన సాయంత్రాలు వ్యాయామశాల నడిపేవాడు. ఈ పిల్లని నాకు ఇవ్వండి, జిల్లాలో ఆడపిల్లలు ఎత్తనంత ఎత్తిస్తాను అని నాన్నని అడిగాడు. నాన్న మురిసిపోయాడు. అమ్మ మాత్రం, మొగుడు మోసింది చాలక కూతురు కూడా మొయ్యాలా అంది. అయినా పంపింది. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలం ముగ్గురమే. రాడ్డు పట్టుకోగానే అరచేతులు పగిలేవి. పగిలిన చేతులతో అన్నం కలుపుకుంటే పచ్చడి మంట నషాళానికి అంటేది. ఆ మంట కూడా నాకు గొప్పగానే ఉండేది, ఏం చెయ్యను.

బరువులెత్తే పోటీలో మనిషి బరువును బట్టి విభాగాలుంటాయి. నేను అప్పుడు యాభై అయిదు కిలోలు. అంటే యాభై ఆరు కిలోల లోపు వాళ్ళతో ఎత్తాలి. ఆ విభాగంలో నాకంటే గట్టివాళ్ళు ముగ్గురున్నారు. మాస్టారు ఒకరోజు నన్ను కూర్చోబెట్టి, మూడు కిలోలు తగ్గి యాభై రెండులోకి వస్తే మొదటి స్థానం నీదే, అది వస్తే రాష్ట్ర పోటీలకి వెళ్తావు, ఆ సర్టిఫికెట్టుతో వ్యాయామ కాలేజీలో సీటు వస్తుంది, ఉద్యోగం వస్తుంది అని చెప్పాడు. పదో తరగతి దాటిన ఆడపిల్ల మా పేటలో చేరేది కుట్టుమిషను ముందే. నాకు కుట్టుమిషనంటే ఒళ్ళుమంట. అమ్మ నడుము ఆ మిషను ముందే వంగిపోవడం రోజూ చూస్తున్నాను. కాబట్టి ఆ మూడు కిలోలు నాకు మూడు కిలోలు కావు, నా బతుకంతా వాటి మీదే ఉంది.

ఎలా తగ్గాలో మాస్టారు చెప్పలేదు. తిండి తగ్గించమన్నాడు, అంతే. తిండి తగ్గించడమంటే మా ఇంట్లో ఏం చేస్తారు? అన్నం మీద చెయ్యెవరు వేస్తారు? కూర తగ్గించాం. గుడ్డు వేడి చేసి ఒళ్ళు పెంచుతుందని మానేశాం. పప్పు బరువని మానేశాం. పెరుగులో వెన్న ఉంటుందని పెరుగు మానేసి నీళ్ళ మజ్జిగ పోసుకున్నాను. ఆదివారం చేపల పులుసు వండితే వాసన చూసి లేచాను. అన్నం మాత్రం ఉంది. గుట్ట సగమైంది గానీ కంచంలో ఉన్నదంతా అన్నమే, పక్కన ఇంత గోంగూర పచ్చడి. పైగా నాన్న ఊలు స్వెట్టరు తొడుక్కుని మిట్టమధ్యాహ్నం కాలవగట్టు మీద పరిగెత్తాను. నెల తిరిగేసరికి బుగ్గలు లోపలికి పోయాయి. పేటలో అందరూ అయ్యో చిక్కిపోయిందే అంటుంటే నేను గర్వంగా నడిచాను.

బాపట్లలో పోటీ. నాన్న పనికి సెలవు పెట్టి నాతో పాటు ప్యాసింజరు ఎక్కాడు. ముందురోజు నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు నేను. కాటా మీద నిలబడితే ముల్లు యాభై ఒకటిన్నర దగ్గర ఆగింది. మాస్టారు వీపు తట్టాడు. నాన్న కాటా వైపు చూసి, తన బస్తాకే బహుమతి వచ్చినట్టు నవ్వాడు. తరువాత నా పేరు పిలిచారు. నలభై కిలోల రాడ్డు. నేలమీంచి ఒక్క ఊపున తల పైకి లేపి నిలబెట్టాలి. వ్యాయామశాలలో దాన్ని నేను రోజూ ఆడుతూ పాడుతూ ఎత్తేదాన్ని. ఆ రోజు అది నా మోకాళ్ళు దాటి, నడుము దాటి, రొమ్ము దగ్గరికి వచ్చి, అక్కడినుంచి రానంది. మూడు అవకాశాలిస్తారు. మూడుసార్లూ రాడ్డు కిందే పడింది. కళ్ళ ముందు మిణుగురులు. ఒక్కసారి కూడా ఎత్తలేని వాళ్ళకి లెక్కలో స్థానమే ఉండదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అచ్చంగా అదే. తిరుగు రైల్లో నాన్న ఒక్కటే అన్నాడు, అన్నం సగం చెయ్యకుండా ఉండాల్సింది అని. పాపం, ఆయనకి తెలిసిన బలం అదొక్కటే.

ఇంటికి వచ్చాక అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇంకో రెండున్నర నెలల్లో తెనాలిలోనే ఇంకో పోటీ ఉందనీ, రాష్ట్రానికి వెళ్ళేవాళ్ళని అక్కడ కూడా ఎంచుతారనీ మాస్టారు వచ్చి చెప్పినప్పుడు, కుట్టుమిషను మీంచి తలెత్తకుండా విన్నది. ఆయన వెళ్ళాక నాతో అంది.

"ఇంకొక్కసారి. ఈసారి నువ్వు ఎత్తకపోతే, ఆ ఇనుము సంగతి మళ్ళీ ఈ ఇంట్లో ఎత్తకూడదు."

ఆ వారమే రేపల్లె నుంచి పెద్దమ్మ వచ్చింది. అమ్మకి అక్క. పిల్లల్లేరు, పెదనాన్న పోయాడు. రెండు గేదెలు, పెరుగు, వెన్న, నెయ్యి, ఇదీ ఆవిడ లోకం. ఎడమ మణికట్టు విరిగి పిండికట్టుతో వచ్చింది. కవ్వం తిప్పలేకపోతోంది గనక, సెలవుల్లో పిల్లని పంపమని అడగడానికి వచ్చింది. నన్ను చూడగానే అందరిలా అయ్యో అనలేదు. దగ్గరికి రమ్మని, బాగున్న చేతి రెండు వేళ్ళతో నా జబ్బ కింద చర్మం పట్టుకుని లాగింది. తరువాత జబ్బనే గట్టిగా నొక్కింది. పెద్దమ్మకి అదొక అలవాటు. గేదెని కొనేముందు డొక్క పట్టుకుని చూసినట్టు మనుషుల్ని కూడా పట్టుకుని చూసేది.

"చిక్కిందన్నారే దీన్ని. చిక్కలా. పల్చబడింది" అంది అమ్మతో.

నాకు రోషం వచ్చింది. రెండూ ఒకటే కదా అన్నాను. ఒకటో కాదో రేపల్లె వస్తే చూపిస్తాను అంది. వెళ్తే సాధన ఎలా అని నేను ఏడుపు మొహం పెడితే, మాస్టారు పాత రాడ్డొకటి, దానికి తగిలించే ఇనప బిళ్ళలు నాలుగు ఇచ్చి, ఏ రోజు ఏం చెయ్యాలో కాగితం మీద రాసిచ్చాడు. నాన్న రాడ్డుకి గోనెపట్టా చుట్టి, బిళ్ళలు సంచిలో వేసుకుని, రేపల్లె ప్యాసింజరులో నా పక్కన పెట్టాడు. జంపని దాటాక టికెట్ల ఆయన వచ్చి, ఆ గోనెపట్టా కాలితో తన్ని, నొప్పి పుట్టి, ఏంటయ్యా ఇది అని అడిగాడు.

"మా అమ్మాయి చదువండి" అన్నాడు నాన్న.

ఆయన నా మొహం చూశాడు, రాడ్డు చూశాడు, ఏమనుకున్నాడో భట్టిప్రోలు వచ్చేదాకా మా ఎదురుగానే కూర్చుని కబుర్లు చెప్పాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె ఉప్పొంగుతుంది. బస్తాల మీద మిల్లు ముద్ర తప్ప అక్షరం చదవని మనిషి, ఆ ఇనుమే నా చదువని నాకంటే ముందు కనిపెట్టాడు.

పెద్దమ్మ ఇంట్లో మొదటి మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాను. ఆవిడ కూర గరిటె తీసుకుని దాంతో నా కంచంలో అన్నం పెట్టింది. రెండు గరిటెలు. తరువాత అన్నం హస్తం తీసుకుని దాంతో పెసరపప్పూ బీరకాయా కలిపి వండిన కూర పెట్టింది. రెండు హస్తాలు. పక్కన రెండు గుడ్లు. నేను పొరపాటేమో అనుకున్నాను. పొరపాటు కాదు. ఆ రెండు నెలలూ ఆ ఇంట్లో నాకు గరిటెలు తారుమారే. పొద్దున్నే గేదెలకి ఉడకబెట్టే ఉలవల్లోంచి ముందు ఒక గిన్నెడు గుగ్గిళ్ళు నాకు తీసేది. గేదెలకీ నాకూ ఒకటే టిఫిన్. చేపలామె గంప దించిన రోజున చేపలు, లేని రోజున ఎండురొయ్యలు. సాయంత్రం పెద్ద గ్లాసు మజ్జిగ. అన్నం అంటే చారెడు. కూరలో అన్నం నంజుకోవడం నాకు మొదటి వారం ఎంత చిరాకనిపించిందో చెప్పలేను. నా చిన్నప్పటి పద్ధతంతా తలకిందులైనట్టుంది. నాన్న ఒకసారి చూడ్డానికి వస్తే ఆయనకీ అలాగే వడ్డించబోయి, తనే నవ్వుకుని గరిటెలు మార్చుకుంది. నువ్వు పొద్దు పొడిచినప్పటినుంచి కుంకేదాకా మోస్తావయ్యా, నీకు అన్నం ఉండాలి, పిల్ల ఎత్తేది గంటసేపే అని ఆయనకి చెప్పింది. నాన్న తన గుట్ట తిన్నాడు గానీ, తింటున్నంతసేపూ నా కంచం వంకే జాలిగా చూశాడు.

పెద్దమ్మ చెప్పినవన్నీ వేదవాక్కులని నేను ఇప్పుడు అనను. అరటిపండు తింటే కీళ్ళు పట్టేస్తాయనేది. శనివారం గుడ్డు ముట్టనిచ్చేది కాదు. రాడ్డు ఎత్తిన వెంటనే నీళ్ళు తాగితే ఊపిరితిత్తులు చల్లబడతాయని చెంబు దాచేసేది. ఇవన్నీ మౌనికకి చెబితే తల పట్టుకుంటుంది. అయితే అసలు సంగతి మాత్రం ఆవిడ చేతివేళ్ళకి తెలుసు. తెల్లవారకముందే నన్ను లేపి కవ్వం దగ్గర నిలబెట్టేది. గుంజకి కట్టిన నిలువెత్తు కవ్వం. తాడు రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగుతుంటే కుండలో పెరుగు గుబగుబలాడేది. మూడో రోజుకి భుజాలు పట్టేశాయి, పదో రోజుకి పట్టు వదిలింది. ఒకరోజు వెన్నంతా తీసి ముద్ద చేసి పక్కన పెట్టాక, కుండలో చెయ్యి పెట్టమంది.

"వెన్న పోయిందిగా. ఇప్పుడు మజ్జిగెట్టా ఉంది?"

"చిక్కగానే ఉంది పెద్దమ్మా."

"ఉంటది. నీళ్ళు పొయ్యకపోతే వెన్న తీసినా చిక్కగానే ఉంటది. నువ్వు బాపట్ల పొయ్యేముందు వెన్న తియ్యలేదే పిచ్చిదానా, నీళ్ళు పోశావు."

మనిషి సన్నబడితే చిక్కాడంటాం. మజ్జిగ గట్టిగా ఉంటే చిక్కగా ఉందంటాం. ఆ రెండు మాటలూ పుట్టిననాటినుంచీ నోట్లో ఉన్నాయి గానీ, రెండూ ఒక్కచోటే కలుస్తాయని ఆ కుండ దగ్గరే తెలిసింది. పోవాల్సింది వెన్న. ఉండాల్సింది ఉండాలి.

వినడం తేలికే, నమ్మడమే కష్టం. ప్రతి ఆదివారం రేపల్లె స్టేషనులో బరువు చూసే మిషనెక్కేదాన్ని. నాణెం వేస్తే లైట్లు వెలిగి, చక్రాలు తిరిగి, అట్టముక్క పడేది. ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. బాపట్ల తరువాత నీళ్ళూ అన్నం పడేసరికి పోయిన బరువు చాలావరకు వెనక్కి వచ్చి, రేపల్లె వచ్చిన కొత్తలో యాభై నాలుగున్నర ఉన్నాను. మూడు వారాలైనా యాభై నాలుగు. నాలుగో ఆదివారం కూడా యాభై నాలుగే. అట్టముక్క వెనక మీరు తలపెట్టిన పని నెరవేరును అని ఉంది. దాన్ని నాలుగు ముక్కలు చేసి పట్టాల మీద విసిరేశాను. ఇంటికి వచ్చి, కంచం ముందు నుంచి లేచిపోయి, నీ గుగ్గిళ్ళు నువ్వే తిను, నా బతుకు కుట్టుమిషను పాలు చేస్తున్నావు అని పెద్దమ్మ మీద కేకలు వేశాను. పిండికట్టు చేత్తో నాకు నెల రోజులుగా చాకిరీ చేస్తున్న మనిషిని అంత మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆవిడ కోప్పడలేదు. గోడకి మేకు మీద వేలాడుతున్న రెండు తాళ్ళూ తీసుకొచ్చింది.

ఆ తాళ్ళ సంగతి చెప్పాలి. వచ్చిన రోజునే పాత కవ్వం తాడు పురి విప్పి, ఒకదానితో నా నడుము, ఇంకోదానితో నా తొడ కొలిచి ముళ్ళు వేసింది. ప్రతి శుక్రవారం మళ్ళీ కొలిచేది. ఎందుకని అడిగితే చెప్పేది కాదు. చాదస్తం అనుకుని వదిలేశాను. ఆ ఆదివారం నన్ను నిలబెట్టి నడుముకి తాడు చుట్టింది. మొదటి ముడికీ ఇప్పటి కొసకీ మధ్య మూడు వేళ్ళు ఖాళీ. తరువాత తొడకి చుట్టింది. ముడి ఎక్కడుందో కొస అక్కడికే వచ్చింది, పైగా గోరంత బిగువుగా.

"కాటాకి వెన్నా తెలవదు, మజ్జిగా తెలవదు. అది బరువే చెప్పుద్ది. నడుం తాడు పొట్టవ్వాల, తొడ తాడు కాకూడదు. ఇంతే లెక్క. కూర్చుని తిను" అంది.

కూర్చుని తిన్నాను. ఆ సాయంత్రం మాస్టారు రాసిచ్చిన కాగితంలో ఆ రోజుకి లేని బరువు రాడ్డుకి ఎక్కించి ఎత్తాను. లేచింది. పెరట్లో రెండు గేదెలు తప్ప చూసినవాళ్ళు లేరు. ఆ తరువాత నేను స్టేషను మిషను జోలికి పోలేదు. అయిదో వారం నుంచి బరువు దానంతట అదే దిగడం మొదలుపెట్టింది. కడుపు మాడ్చుకోలేదు, స్వెట్టరు తొడగలేదు, దాహం చంపుకోలేదు. తెనాలికి తిరిగి వచ్చే రోజున నాన్న మళ్ళీ వచ్చి, రాడ్డు భుజాన వేసుకోబోతే, నేను మోస్తాలే అని లాక్కుని స్టేషనుదాకా నడిచాను. ఆయన ఖాళీ చేతులతో నా వెనక నడుస్తూ, దారిలో తెలిసిన వాళ్ళెవరూ లేకపోయినా, ఎదురైన ప్రతివాళ్ళకీ మా అమ్మాయండి అని చెప్పుకుంటూ వచ్చాడు.

తెనాలి పోటీకి అమ్మ కూడా వచ్చింది. మిషను మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే వదిలేసి వచ్చింది. పెద్దమ్మ కట్టు విప్పించుకుని రేపల్లె బండిలో దిగింది. కాటా మీద ముల్లు సరిగ్గా యాభై రెండు దగ్గర ఆగింది, వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ లేదు. మాస్టారు మొహం వాడింది. బాపట్లలో అర కిలో మిగిల్చుకున్న పిల్ల ఇక్కడ అంచుల మీద ఉందేంటని. బుగ్గలు కూడా నిండుగానే ఉన్నాయి కదా, ఆయన భయం ఆయనది. నలభై కిలోల రాడ్డు దగ్గరికి వెళ్ళి పట్టుకున్నాను. బాపట్లలో రొమ్ము దగ్గర ఆగిపోయిన చోటు నాకు బాగా గుర్తు. ఆ చోటు వచ్చినప్పుడు కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి రాడ్డు తల మీద ఉంది. రెండోసారి నలభై రెండున్నర, మూడోసారి నలభై అయిదు. రాడ్డుని ముందు భుజాల మీదికీ, ఆపైన తల మీదికీ లేపే రెండో అంశంలో కూడా నన్ను మించినవాళ్ళు లేరు. దిగి వస్తుంటే నాన్న ఏడుస్తున్నాడు. అమ్మ నా అరచేతులు తిప్పి చూసి, పగిలిన చోట కొంగుతో తుడిచింది. పెద్దమ్మ నా జబ్బ కింద చర్మం రెండు వేళ్ళతో పట్టబోయింది. వేళ్ళకి సరిగా దొరకలేదు. జబ్బ నొక్కి చూసింది.

"ఇప్పుడు చిక్కావే పిల్లా" అంది.

నాకు వచ్చిన మెడల్సు చాలానే ఉన్నాయి గానీ ఆ మాట కింద అన్నీ దిగదుడుపే. మర్నాడు పొద్దున్నే అమ్మ మిషను ముందు కూర్చుని దారం ఎక్కిస్తూ, ఆ ఇనుము సంగతేంటి, మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి అని అడిగింది. ఎత్తకూడదన్న మాట అమ్మే ఎత్తింది. ఆ తరువాత కాలేజీ, ఉద్యోగం, ముప్ఫై ఏళ్ళపాటు ఎండలో విజిలు ఊదడం. పేటలో కుట్టుమిషను ముందు కూర్చోవాల్సిన ఆడపిల్లల్ని ఎంతమందిని గ్రౌండుకి లాక్కొచ్చానో నేను లెక్కపెట్టలేదు, వాళ్ళని అడిగితే చెబుతారు. పెద్దమ్మ పోయే ముందు ఆ రెండు తాళ్ళూ నా చేతిలో పెట్టింది. పోటీ రోజు పొద్దున వేసిన ముళ్ళు వాటికి అలాగే ఉన్నాయి.

ఇప్పటి పిల్లలు డబ్బాల్లో వచ్చే ప్రొటీను పొడి నీళ్ళలో కలుపుకుని తాగుతున్నారు. మౌనిక జిమ్‌లో ఆ డబ్బాలు అలమార నిండా ఉన్నాయి. వాటిని నేను వెక్కిరించను. మా రోజుల్లో గుడ్డు దొరకని ఇళ్ళు నాకు తెలుసు. కాకపోతే అదే పిల్లలు ఇంటికి వెళ్ళాక అమ్మలు హస్తంతో అన్నమే వడ్డిస్తున్నారు, గరిటెతో కూరే వడ్డిస్తున్నారు. నిన్న మళ్ళీ జిమ్‌కి తాళ్ళు తీసుకెళ్ళి మౌనికకి చూపించాను. ఈసారి నవ్వలేదు. తనే కూర్చుని నా నడుముకి పొడుగు తాడు చుట్టింది. ముడి దాకా రావడానికి తాడు ఆరు వేళ్ళు తక్కువ పడింది. ఇద్దర్ని కన్న నడుము, ఆ మాత్రం పెరిగే హక్కు దానికుంది అన్నాను. తరువాత తొడకి పొట్టి తాడు చుట్టింది. కొస వచ్చి ముడిని తాకింది. తాడు వదలకుండానే, రేపటినుంచి మా దగ్గరికొచ్చే అమ్మలకి మీరొచ్చి వడ్డన చూపించాలండి మేడం అంది. వస్తానన్నాను. మా ఇంట్లో హస్తం తెస్తానన్నాను.

తాళ్ళు సంచిలో వేసుకుని ఇంటికి వస్తుంటే మా వీధి మొదట్లో కూరగాయల బండి దగ్గర ఎదురింటావిడ కనిపించింది. బెండకాయలు ఏరుతూ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏంటండి మేడంగారూ, మరీ అంత చిక్కిపోయారు?"

"అవునండి" అన్నాను. "బాగా చిక్కాను."